కాలేయ దాతకు రోబోటిక్ శస్త్రచికిత్స: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు సిద్ధపడవలసిన తీరు

ఇంట్లో ఒకరికి సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి చెడిపోయే జబ్బు) ముదిరి, కాలేయ మార్పిడి తప్ప వేరే దారి లేదని వైద్యులు తేల్చి చెప్పిన తరువాత, దానానికి ముందుకు వచ్చిన వ్యక్తి ఏ వరుసలో ఆలోచించాలి, ఏ పరీక్ష ఎందుకు చేయించుకోవాలి, రోబో సాయంతో చేసే శస్త్రచికిత్సలో లోపల జరిగేది ఏమిటి, ఇంటికి వచ్చాక ఎలా ఉండాలి అన్న విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారు ఈ చికిత్స కోసం ఎక్కువగా వేలూరు, చెన్నై, బెంగళూరు ఆసుపత్రులకు వెళుతుంటారు గనుక, ఊరు దాటి వెళ్ళడం వల్ల వచ్చే చిక్కులను కూడా తగినచోట చెబుతాను.

ఈ మధ్య కుటుంబాలు వైద్యుణ్ణి అడిగే మొదటి ప్రశ్న "రోబోతో చేస్తారా?" అన్నదే. నిజానికి అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. దాత ఇష్టపడి వచ్చాడా, అతని కాలేయం ఆరోగ్యంగా ఉందా, తీయగా మిగిలేది అతనికి సరిపోతుందా, రక్తనాళాలూ, పైత్యరసాన్ని మోసే పైత్యనాళాలూ కోతకు అనువుగా ఉన్నాయా అన్న నాలుగు సంగతులు తేలిన తరువాతే, ఆ భాగాన్ని ఏ పద్ధతిలో బయటకు తీయాలన్న చర్చకు అర్థం ఉంటుంది. పొట్టమీద మచ్చ ఎంత చిన్నదన్నది దాతకు సంతోషం కలిగించే విషయమే. అయినా దాత క్షేమాన్ని నిర్ణయించేది లోపల మిగిలిన కాలేయమే.

దానం ఎవరి నిర్ణయం

కాలేయం మళ్ళీ పెరుగుతుందన్న మాట నిజమే గాని, దానిని జనం అర్థం చేసుకునే తీరు పూర్తిగా సరికాదు. తీసివేసిన కుడి భాగం మళ్ళీ అదే చోట మొలకెత్తదు. మిగిలిన భాగమే ఉబ్బి, కణాలు పెరిగి, శరీర అవసరానికి సరిపడే పరిమాణానికి చేరుతుంది. ఆ పెరుగుదల మొదటి రెండు వారాల్లో వేగంగా సాగి, మూడు నెలలకు చాలావరకు పూర్తవుతుంది. ఈ లోపు దాత శరీరం తక్కువ కాలేయంతోనే నెట్టుకు రావాలి గనుక, ఇది ఆరోగ్యవంతుడి మీద చేసే పెద్ద శస్త్రచికిత్స అన్న సంగతిని ఎవరూ తేలికగా తీసుకోకూడదు. దాత ప్రాణానికి ముప్పు, ఎడమ భాగం ఇచ్చేటప్పుడు సుమారు వెయ్యిమందిలో ఒకరికి, కుడి భాగం ఇచ్చేటప్పుడు వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి ఉంటుందని వైద్యులు సాధారణంగా అంచనా చెబుతారు. రోబో ఈ ముప్పును సున్నా చేయదు. ఎవరైనా అలా చెబితే, ఆ మాట చెప్పిన చోట ఇంకొన్ని ప్రశ్నలు గట్టిగా అడగాలి.

మన కుటుంబాల్లో దాత ఎంపిక చాలాసార్లు మాటల్లో కాకుండా చూపుల్లో జరిగిపోతుంది. భర్తకు జబ్బు చేస్తే భార్య, కొడుకుకు చేస్తే తల్లి ఇస్తుందని అందరూ ముందే అనుకుంటారు. ఆమెను విడిగా అడిగే వారు ఉండరు. చట్టం ఈ సంగతి ఎరిగినదే. 2014 నాటి అవయవ మార్పిడి నియమాలు, దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త వహించాలని, ఆమె గుర్తింపును, స్వతంత్ర అంగీకారాన్ని గ్రహీత (అవయవం తీసుకునే రోగి) కాని మరొకరు నిర్ధారించాలని చెబుతున్నాయి. దాతతో మానసిక వైద్యుడు ఏకాంతంగా మాట్లాడే సమయం ఒకటి ఉంటుంది. మనసులో భయమో, అయిష్టమో ఉంటే అక్కడ చెప్పవచ్చు. మత్తు ఇచ్చే క్షణం వరకు వెనక్కు తగ్గే హక్కు దాతకు ఉంటుంది. అలా తగ్గిన వారి గురించి, వైద్యపరంగా తగినవారు కారని మాత్రమే కుటుంబానికి చెప్పి, అసలు కారణాన్ని గోప్యంగా ఉంచే పద్ధతిని మంచి ఆసుపత్రులు పాటిస్తాయి.

చట్టం ఎవరిని దగ్గరివారు అంటుంది

1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం, దానికి 2011లో వచ్చిన సవరణ ప్రకారం, భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాత, అవ్వ, మనుమడు, మనుమరాలు దగ్గరి బంధువులు. ఈ జాబితాలో మేనమామ లేడు, మేనల్లుడు లేడు, కోడలు, అల్లుడు, బావమరిది, పెదనాన్న కొడుకు కూడా లేరు. ఇంట్లో మనం ఎంత దగ్గరివారుగా చూసుకున్నా, వీరు ఇచ్చేటప్పుడు అనుమతి సంఘం ముందుకు వెళ్ళి, డబ్బు ప్రమేయం లేదని, ప్రేమతోనే ఇస్తున్నామని రుజువు చేసుకోవాలి. అందుకు తహసీల్దారు ధ్రువీకరణ, ఆదాయ పత్రాలు, బంధుత్వం తెలిపే కాగితాలు, కుటుంబ ఫోటోలు అవసరం పడతాయి. చికిత్స తమిళనాడులోనో కర్ణాటకలోనో జరిగితే మన రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం కావాలా అన్నది ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను మొదటి రోజే అడగాలి. దగ్గరి బంధువులకు, ఇతరులకు ఈ విషయంలో నియమాలు ఒకటి కావు. పరీక్షలన్నీ పూర్తయ్యాక కాగితం కోసం పదిరోజులు ఆగవలసి వస్తే, ఆ పదిరోజుల్లో రోగి పరిస్థితి మారిపోవచ్చు.

ఆధార్ కార్డులో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకొక పేరు, పదో తరగతి ధ్రువపత్రంలో మరో ఇంటిపేరు ఉండటం మన పల్లెల్లో సాధారణం. అటువంటి తేడాలను ముందే సరిచేయించుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారు దానం చేయడానికి వీలులేదు. డబ్బుకు అవయవం కొనడం, అమ్మడం, మధ్యవర్తిత్వం నెరపడం నేరాలు. వాటికి 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఇంట్లో దాత రక్తం గ్రూపు కలవని పక్షంలో, అదే చిక్కులో ఉన్న మరొక కుటుంబంతో దాతలను పరస్పరం మార్చుకోవడానికి 2011 సవరణ వీలు కల్పించింది. బ్రోకర్ల మాట వినే ముందు ఈ దారి గురించి అడగాలి.

పరీక్షల వరుస

మొదట రక్తం గ్రూపు చూస్తారు. ఓ గ్రూపువారు ఎవరికైనా ఇవ్వవచ్చు. ఏబీ గ్రూపు రోగి ఎవరి నుంచైనా తీసుకోవచ్చు. పాజిటివ్, నెగటివ్ తేడాకు కాలేయం విషయంలో ప్రాధాన్యం లేదు. గ్రూపు కలవకపోయినా ప్రత్యేక మందులతో, ప్లాస్మా మార్పిడితో మార్పిడి చేసే కేంద్రాలు ఉన్నాయి గాని, ఖర్చు, ఇన్ఫెక్షన్ల భయం రెండూ పెరుగుతాయి. దాత వయసు సాధారణంగా 18 నుంచి 50 మధ్య ఉండాలని, కొన్ని చోట్ల 55 వరకు అంగీకరిస్తారని గుర్తుంచుకోండి. స్థూలకాయం ఉన్నవారిని మొదటి చూపులోనే పక్కన పెట్టవచ్చు.

రక్తం గ్రూపు, షుగర్, కాలేయ పనితీరు పరీక్ష, హెపటైటిస్ బి, సి పరీక్షలు, పొట్ట అల్ట్రాసౌండ్ వంటివి తిరుపతిలోనో చిత్తూరులోనో ముందుగా చేయించుకుంటే, అసలు కుదరనివారు దూరప్రయాణం చేయవలసిన పని తప్పుతుంది. సిటీ స్కాన్ మాత్రం ఇక్కడ తీయించవద్దు. దాత కోసం తీసే సిటీలో ధమని, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర, కాలేయ సిరలు వేర్వేరు దశల్లో కనిపించాలి. ఆ కొలతలు ప్రతి మార్పిడి కేంద్రానికి తమదైన పద్ధతిలో కావాలి గనుక, బయట తీసిన స్కాన్ ఉన్నా మళ్ళీ తీస్తారు. డబ్బు ఒకసారి, ఎక్స్‌రే కిరణాల మోతాదు ఒకసారి వృథా అవుతాయి.

ఎక్కువమంది దాతలు ఆగిపోయేది కొవ్వు దగ్గర. సిటీ స్కాన్‌లో ఆరోగ్యమైన కాలేయం ప్లీహం కంటే కాస్త ప్రకాశంగా కనిపిస్తుంది. రెండింటి కొలతల మధ్య తేడా 5 యూనిట్ల కంటే బాగా ఎక్కువగా ఉంటే కొవ్వు తక్కువని, అంతకంటే తగ్గినా, తిరగబడినా అనుమానించాలని అర్థం. అనుమానం తీరకపోతే పైనుంచే కాలేయపు గట్టిదనాన్ని, కొవ్వును కొలిచే ఫైబ్రోస్కాన్, ఆపై సూదితో ముక్క తీసి చూసే బయాప్సీ అవసరమవుతాయి. కొవ్వు ఉందని వెనక్కు పంపినంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. రోగికి వ్యవధి ఉంటే, ఒకటి నుంచి మూడు నెలలపాటు బరువు తగ్గి మళ్ళీ పరీక్షకు వెళ్ళి, దానానికి తగినవారుగా తేలిన దాతలు ఎందరో ఉన్నారు. రాగి సంగటి మంచిదే, కాని ముద్ద సైజు తగ్గించాలి. పక్కన నెయ్యి, వేరుశెనగ పచ్చడి కూడా కొలతలోనే ఉండాలి. రోజూ చెమట పట్టేలా నడవాలి, మద్యం పూర్తిగా మానాలి.

ఇక ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ప్రాంతంలో కామెర్లంటే పసరు తాగించడం అలవాటు. రోగికి పసరు పోస్తూ, ముందుజాగ్రత్తగా దాతకు కూడా ఒక గిద్దెడు పోసే ఇళ్ళు లేకపోలేదు. అందులో ఏ ఆకు ఉందో, ఎంత మోతాదు ఉందో ఎవరికీ తెలియదు. కొన్ని మూలికలు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. దాత పరీక్షలు మొదలైన నాటి నుంచి శస్త్రచికిత్స జరిగి కోలుకునే వరకు పసరు, చూర్ణం, బరువు తగ్గించే పొడులు ఏవీ నోట పెట్టకూడదు. ఇప్పటికే తీసుకొని ఉంటే దాచకుండా వైద్యుడికి చెప్పాలి.

సరిపోతుందా అన్న లెక్క

వైద్యుడు చెప్పే రెండు అంకెలను దాత తప్పక అర్థం చేసుకోవాలి. మొదటిది, ఇచ్చే ముక్క బరువు గ్రహీత శరీర బరువులో ఎంత శాతం అన్నది. ఇది సాధారణంగా 0.8 శాతం ఉండాలంటారు. రెండవది, దాతకు మిగిలే కాలేయం మొత్తంలో ఎంత శాతం అన్నది. ఇది 30కి తగ్గకూడదు, 35 ఉంటే మనసుకు నిశ్చింత. ఉదాహరణకు గ్రహీత బరువు 60 కిలోలు అనుకుంటే, అతనికి కనీసం 480 గ్రాముల ముక్క కావాలి. దాత కాలేయం 1,150 మిల్లీలీటర్లు ఉండి, అందులో కుడి భాగం 62 శాతం అయితే, ఇవ్వగలిగేది సుమారు 710, మిగిలేది 38 శాతం. ఇద్దరికీ సరిపోతుంది. అదే దాతకు కుడి భాగమే 72 శాతం ఉంటే, గ్రహీతకు ఎంత చక్కగా సరిపోయినా, ఆ దాత నుంచి కుడి భాగం తీయరు, తీయకూడదు. పసిబిడ్డకు ఇచ్చేటప్పుడు ఎడమ చివర ఉండే చిన్న భాగం, అంటే మొత్తంలో 15 నుంచి 20 శాతం చాలుతుంది. అందుకే బిడ్డకు ఇచ్చే తల్లి లేదా తండ్రికి ముప్పు తక్కువ.

సిటీతోపాటు ఎంఆర్‌సీపీ అనే స్కాన్‌లో పైత్యనాళాల అమరిక చూస్తారు. కుడి భాగం నుంచి ఒకే నాళం వస్తుందా, రెండు మూడు వేర్వేరుగా వస్తాయా అన్నది శస్త్రచికిత్స పద్ధతిని కూడా నిర్ణయిస్తుంది.

రోబో చేసేది, చేయనిది

1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక తల్లి తన కొడుకుకు కాలేయ భాగం ఇవ్వడంతో, బతికున్న దాత నుంచి చేసే మార్పిడి తొలిసారి విజయవంతమైంది. అప్పటి నుంచి చాలాకాలం దాతకు పక్కటెముకల కింద పెద్ద కోత తప్పలేదు. 2002లో పారిస్ వైద్యులు బిడ్డలకు ఇచ్చే చిన్న ఎడమ భాగాన్ని లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా, పనిముట్లు పంపే పద్ధతిలో తీయగలమని ప్రకటించారు. రోబోతో పెద్దదైన కుడి భాగాన్ని తీసిన తొలి నివేదిక 2012లో షికాగో నుంచి వచ్చింది. ఆ తరువాత రియాద్, సియోల్, మన దేశంలో కొచ్చి వంటి చోట్ల ఈ పద్ధతి బాగా సాగింది.

రోబో దానంతట అది ఏదీ చేయదు. శస్త్రవైద్యుడు గదిలోనే కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ ముందు కూర్చొని, వేళ్ళతో, పాదాలతో నడిపితేనే దాని నాలుగు చేతులు కదులుతాయి. లాప్రోస్కోపీలో నిటారుగా ఉండే పనిముట్ల చివరను మణికట్టులా తిప్పడం కుదరదు. రోబో పనిముట్ల చివర అన్ని వైపులకూ వంగుతుంది, చేతి వణుకును వడగడుతుంది, లోతు తెలిసే చిత్రాన్ని సుమారు పదిరెట్లు పెద్దదిగా చూపుతుంది. సన్నని ధమనిని పక్కకు తప్పించడం, రక్తం కారే చోట కుట్టు వేయడం వంటి పనుల్లో ఈ తేడా తెలుస్తుంది. లోపం ఏమిటంటే, ఇప్పుడు ఎక్కువ చోట్ల వాడే యంత్రాల్లో వైద్యుడి చేతికి స్పర్శ తెలియదు. కణజాలం ఎంత లాగబడుతున్నదో కంటితోనే అంచనా వేయాలి. అందుకే అనుభవం అన్నింటికంటే ముఖ్యం. దాత పక్కన మరొక నిపుణ వైద్యుడు నిలబడి క్లిప్పులు వేయడం, రక్తం పీల్చడం చేస్తుంటాడు. అతని నైపుణ్యం గురించి ఎవరూ అడగరు గాని, అడగడం మంచిది.

థియేటర్ లోపల జరిగే వరుస

పూర్తి మత్తు ఇచ్చి, తల వైపు కాస్త ఎత్తుగా ఉండేలా బల్లను వంచి, బొడ్డు దగ్గర నుంచి కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్టను ఉబ్బిస్తారు. ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగు, సహాయకుడి కోసం మరొకటి వేసి, వాటి ద్వారా రోబో చేతులను లోపలికి పంపుతారు. ముందుగా పిత్తాశయాన్ని విడదీస్తారు. అది కాలేయపు రెండు భాగాల మధ్య గీత మీద ఉండటం వల్ల దాతకు ఎలాగూ నిలవదు. అది లేకపోయినా జీర్ణక్రియ సాగుతుంది.

తరువాత కాలేయ ద్వారంలో కుడి ధమనిని, కుడి పోర్టల్ సిరను విడివిడిగా గుర్తించి, వాటికి దారాలు చుట్టి పెడతారు. ఆ రెండింటినీ కొద్దిసేపు బిగిస్తే కుడి భాగం రంగు మారి, ఎడమ భాగం ఎర్రగానే ఉంటుంది. కోయవలసిన గీత అక్కడ స్వయంగా తేలుతుంది. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుద్రవ్యాన్ని ఎక్కించి, ప్రత్యేక కెమెరాలో చూస్తే ఆ గీత ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కాలేయాన్ని డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) నుంచి, వెనుక ఉన్న పెద్ద సిర నుంచి మెల్లగా వేరుచేస్తూ, మధ్యలో కలిసే పొట్టి సిరలను ఒక్కొక్కటిగా క్లిప్ చేస్తారు. ఈ దశలో తొందరపడితే రక్తస్రావం అదుపు తప్పుతుంది గనుక, సమయం ఎక్కువ పట్టడాన్ని లోపంగా చూడకూడదు.

ఇప్పుడు కాలేయాన్ని కోయడం మొదలవుతుంది. అల్ట్రాసౌండ్‌తో మధ్య కాలేయ సిర ఎక్కడ ఉందో చూసుకొని, దానిని సాధారణంగా దాత వైపే వదిలి, కుడి అంచున ముందుకు సాగుతారు. మెత్తని కణజాలాన్ని చిదిపే పరికరంతో లోపలి నాళాలను బయటపెట్టి, చిన్నవాటిని కాల్చి, పెద్దవాటికి క్లిప్పులు వేస్తారు. కుడి భాగం నుంచి మధ్య సిరలోకి వచ్చే పెద్ద కొమ్మలను జాగ్రత్తగా నిలిపి ఉంచుతారు. తరువాత గ్రహీత జట్టు వాటిని అతికించవలసి రావచ్చు. ఈ దశలో మత్తు డాక్టరు దాత శరీరంలోని సిరల ఒత్తిడిని తక్కువగా ఉంచితే రక్తం తక్కువ పోతుంది. దాత శస్త్రచికిత్సలో మత్తు డాక్టరు పాత్ర శస్త్రవైద్యుడి పాత్రకు తీసిపోదని నా అభిప్రాయం.

నాకు అన్నింటికంటే సున్నితంగా అనిపించేది పైత్యనాళాన్ని కోసే క్షణం. పంటకాలువ నుంచి పిల్లకాలువ చీలే చోట గట్టును మరీ లోపలికి కోస్తే పెద్దకాలువే ఇరుకైనట్టు, కుడి నాళాన్ని మొదలుకు మరీ దగ్గరగా కోస్తే దాత ప్రధాన నాళం ఇరుకై, నెలల తరువాత కామెర్లు రావచ్చు. మరీ దూరంగా కోస్తే గ్రహీతకు ఒకటికి బదులు రెండు మూడు రంధ్రాలు వచ్చి, అతికించడం కష్టమవుతుంది. ఇండోసయనిన్ గ్రీన్ పైత్యంలో చేరి పచ్చగా మెరుస్తుంది గనుక, ఆ వెలుగులో చీలిక ఎక్కడుందో చూసి కోసే వీలు రోబో కెమెరాలో ఉంటుంది. రోబో పద్ధతి వల్ల దాతకు కలిగే మేళ్ళలో దీనిని నేను ముందు వరుసలో పెడతాను.

అంతా విడిపోయాక, పొత్తికడుపు కింద సిజేరియన్ చేసేచోట 10 నుంచి 12 సెంటీమీటర్ల అడ్డకోత పెట్టి, కాలేయ భాగాన్ని సంచిలో ఉంచుతారు. గ్రహీత థియేటర్ సిద్ధంగా ఉందని కబురు వచ్చిన తరువాతే ధమని, పోర్టల్ సిర, కాలేయ సిరలను వరుసగా మూసి కోసి, సంచిని బయటకు తీస్తారు. అక్కడి నుంచి ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. వెంటనే చల్లని సంరక్షక ద్రవాన్ని నాళాల గుండా పంపి, రక్తాన్ని కడిగి, మంచులో ఉంచుతారు. ఇటు దాత కోత అంచున పైత్యం కారుతున్నదా, రక్తం ఊరుతున్నదా అని చూసి, మిగిలిన ఎడమ భాగం తిరిగిపోకుండా దాని పొరను యథాస్థానంలో కుట్టి, అవసరమైతే డ్రెయిన్ పైపు పెట్టి ముగిస్తారు. ఇంతకుముందు సిజేరియన్ జరిగిన దాతకు ఆ పాత మచ్చ మీదే కోత పెట్టే వీలు తరచుగా ఉంటుంది.

ఎవరికి రోబో వద్దు

పైత్యనాళాలు, పోర్టల్ సిర కొమ్మలు అసాధారణంగా ఉన్నవారికి, తీయవలసిన భాగం చాలా పెద్దదిగా ఉన్నవారికి, పైపొట్టలో పాత ఆపరేషన్ల అతుకులున్నవారికి తెరిచి చేయడమే మేలని వైద్యులు చెప్పవచ్చు. రోబోతో మొదలుపెట్టి, మధ్యలో రక్తస్రావమో, నాళం స్పష్టంగా కనబడకపోవడమో ఎదురైతే తెరిచి పూర్తిచేయడాన్ని ఓటమిగా భావించకండి. సకాలంలో తెరిచిన వైద్యుడు దాతను కాపాడినవాడే. అనుభవజ్ఞుల చేతిలో రోబో పద్ధతి వల్ల రక్తస్రావం, నొప్పి తగ్గుతాయి, కోత దగ్గర హెర్నియా వచ్చే అవకాశం తగ్గుతుంది, పనిలోకి త్వరగా తిరిగి వెళ్ళవచ్చు. బదులుగా శస్త్రచికిత్స సమయం, ఖర్చు పెరుగుతాయి.

శస్త్రచికిత్సకు ముందు వైద్యులతో జరిగే సమావేశంలో దాత తరఫువారు ఇలా అడగాలి: ఈ జట్టు రోబోతో దాతల నుంచి కుడి భాగాన్ని ఎంతమందికి తీసింది? మొత్తం రోబో ఆపరేషన్ల సంఖ్య చెబితే సరిపోదు, పిత్తాశయం తీసినవి కూడా అందులో కలిసి ఉంటాయి. ఎంతమందికి మధ్యలో తెరవవలసి వచ్చింది? దాతలలో పైత్యం కారడం, మళ్ళీ థియేటర్‌కు వెళ్ళడం ఎందరికి జరిగింది? యంత్రం ఆగిపోతే తెరవడానికి సామగ్రి, రక్తం అదే గదిలో సిద్ధంగా ఉంటాయా? నాలుగింటికీ తడుముకోకుండా సమాధానం వచ్చిన చోట ధైర్యంగా ఉండవచ్చు.

డబ్బు సంగతి

ఒక్కొక్క రోబో పనిముట్టును కొన్నిసార్లు మాత్రమే వాడగలరు, ఆ లెక్క యంత్రంలోనే నమోదవుతుంది. అదనపు ఖర్చుకు ఇదొక పెద్ద కారణం. ప్యాకేజీలో రోబో ఖర్చు, దాత పరీక్షలు, దాత ఐసీయూ, రక్తం కలిశాయా అని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆరోగ్య బీమాలో రోబోటిక్ చికిత్సకు పరిమితి ఉండవచ్చు. చాలా పాలసీలు దాత శస్త్రచికిత్స ఖర్చు భరించినా, ముందరి పరీక్షలను, తరువాతి మందులను మినహాయిస్తాయి. ఎన్టీఆర్ వైద్యసేవ వర్తించే తీరు గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ముందస్తు హామీపత్రం గురించి స్థానిక ప్రజాప్రతినిధి కార్యాలయాన్ని, ఆసుపత్రిలో చేరడానికి ముందే అడగాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన దాతలకు 2023 ఉత్తర్వుల ప్రకారం 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు లభిస్తుంది. డబ్బు సరిపోకపోతే రోబోను వదిలి, అదే జట్టుతో తెరిచే పద్ధతిలో చేయించుకోవడం సరైన నిర్ణయమే. రోబో కోసం అనుభవం తక్కువ ఉన్న చోటికి మారడం మాత్రం మంచిది కాదు.

ముందు రోజులు

పొగతాగడం కనీసం నాలుగు వారాల ముందే మానాలి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు రక్తం గడ్డకట్టే ముప్పు ఉండటం వల్ల సుమారు నాలుగు వారాల ముందు ఆపవలసి ఉంటుంది. ఎప్పుడు ఆపాలో వైద్యుణ్ణి అడిగి చేయాలి. ఊపిరి పీల్చే మూడు బంతుల పరికరాన్ని ఇంటి దగ్గరే అలవాటు చేసుకుంటే తరువాత సులువవుతుంది. శనివారాలు, ఏకాదశులు ఉపవాసం ఉండేవారు ఈ రోజుల్లో దానిని పక్కనపెట్టి, మాంసకృత్తులు బాగా తీసుకోవాలి. శస్త్రచికిత్స రోజు ఉదయం చెప్పిన సమయం తరువాత తీర్థంగాని, చిటికెడు లడ్డు ప్రసాదంగాని నోట వేయకూడదు. భక్తితో తిన్నా కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళగలదు. ప్రసాదాన్ని దాచి ఉంచి, తినవచ్చని వైద్యులు చెప్పిన రోజు పెట్టండి.

ఇద్దరూ ఒకే రోజు థియేటర్‌లో ఉంటారు గనుక, దాత కోసం ప్రత్యేకంగా ఒక మనిషి ఉండాలి. అందరూ గ్రహీత ఐసీయూ తలుపు దగ్గరే కూర్చొని, దాతకు నీళ్ళు అందించే దిక్కు లేకపోవడం తరచూ జరిగేదే.

తరువాతి వారాలు

మరుసటి రోజే లేపి కూర్చోబెట్టి, నడిపిస్తారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా మేజోళ్ళు, ఇంజెక్షన్లు ఇస్తారు. పొట్ట నింపిన వాయువు వల్ల భుజం నొప్పి రావడం మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. బిలిరుబిన్ (కామెర్లను తెలిపే రక్తపు కొలత), రక్తం గడ్డకట్టే సమయం మొదటి రోజుల్లో కొద్దిగా పెరిగి తగ్గుతాయి. ఫాస్ఫరస్ పడిపోవడం కాలేయం పెరుగుతున్నదనడానికి సూచన, దానిని మందుతో భర్తీ చేస్తారు. సాఫీగా సాగితే సుమారు నాలుగు నుంచి ఏడు రోజుల్లో ఇంటికి పంపవచ్చు.

చెన్నై నుంచి వచ్చేవారు తిరుత్తణి, నగరి, పుత్తూరు దగ్గర, బెంగళూరు నుంచి వచ్చేవారు ములబాగల్, పలమనేరు దగ్గర ఆగి, నాలుగు అడుగులు వేయాలి. సీటు బెల్టుకు, పొట్టకు మధ్య మెత్తని దిండు పెట్టుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు బరువులు ఎత్తకూడదు. పాల క్యాన్లు, టమోటా పెట్టెలు, నీళ్ళ బిందెలు అన్నీ ఇందులోకే వస్తాయి. నొప్పికి పారాసిటమాల్ కూడా చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి; ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకూడదు. కొండకు మొక్కు ఉంటే తలనీలాలు ఇవ్వడానికి అభ్యంతరం లేదు, బస్సులో వెళ్ళిరావచ్చు. అలిపిరి మెట్లు 3,550 ఉన్నాయి. వాటిని, అంగప్రదక్షిణను మూడు నెలల పరీక్ష తరువాత వైద్యుడి అనుమతితోనే పెట్టుకోవాలి.

జ్వరం, కళ్ళు పచ్చబడటం, పెరుగుతున్న కడుపునొప్పి, కోత దగ్గర పచ్చని ద్రవం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం వీటిలో ఏది కనిపించినా శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ప్రయాణం చేయలేని స్థితిలో ఉంటే ముందు తిరుపతిలో స్విమ్స్ లేదా రుయా అత్యవసర విభాగానికి, చిత్తూరులో ఉంటే దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి డిశ్చార్జి కాగితంతో వెళ్ళాలి. ఆ కాగితం మీద ఏ భాగం తీశారో, ఎంత మిగిలిందో, పైత్యనాళం ఎక్కడ కోశారో ఉంటుంది. దానికి రెండు నకళ్ళు తీయించి, ఫోన్‌లో కూడా ఉంచుకోవాలి.

మద్యాన్ని, మూలికా మందులను ఆ తరువాత కూడా దూరంగా ఉంచడమే క్షేమం. పిల్లలు కావాలనుకునే స్త్రీలు సాధారణంగా ఒక ఏడాది ఆగాలని వైద్యులు సూచిస్తారు. పరీక్షలు ఒకటి రెండు వారాలకు, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఉంటాయి. ఆపై ఏటా ఒకసారి కాలేయ పనితీరు పరీక్ష, అల్ట్రాసౌండ్ చాలు. గ్రహీత చూపించుకోవడానికి వెళ్ళిన రోజే దాత పరీక్ష కూడా పెట్టించుకుంటే ఒకే ప్రయాణంలో రెండూ పూర్తవుతాయి.